సీటు మూల పసుపు చుక్క

శివరాములుకు ఒక అలవాటు ఉంది. సీటు కుట్టి బండికి బిగించాక, బండి ఆసామిని పక్కకు జరగమని, ముందు తానే ఎక్కి కూర్చుంటాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చున్నవాడిలా ముఖం పెడతాడు. కాసేపటికి కుడికోసారి, ఎడమకోసారి ఒరిగి, దిగి, "ఇగ తీస్కపోండ్రి" అంటాడు. ఒక్కోసారి ఏమీ అనకుండా కత్తెర అందుకుని కుట్టు విప్పేస్తాడు. అప్పుడు మాత్రం ఆసామి ఎంత మొత్తుకున్నా బండి ఆ పూట కదలదు.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఆయన షాపు. పేరు శ్రీ మార్కండేయ సీట్ వర్క్స్. బోర్డు మీద ఒక పక్క శివలింగాన్ని కౌగిలించుకున్న మార్కండేయుడు, ఇంకో పక్క స్టీరింగు బొమ్మ. ఆ రోజుల్లో మైత్రీవనం అంటే ఊళ్లన్నీ కట్టగట్టుకుని కంప్యూటరు కోర్సులకు వచ్చిపడే చోటు. కరపత్రాలు పంచేవాళ్లను, పుస్తకాల బండ్లను, రోడ్డు మీదే నిలబడి ఇంటర్వ్యూ ప్రశ్నలు చర్చించుకునే పిల్లలను తప్పించుకుని ఆ సందులోకి కారు తీసుకురావడమే ఒక విద్య. అయినా వచ్చేవాళ్లు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో నిన్నటిదాకా సాంబారు నీళ్లని తిట్టుకున్న కుర్రాడు, ఉద్యోగం దొరకగానే చిన్న కారు కొని తిన్నగా శివరాములు దగ్గరికి తెచ్చేవాడు. అందరికీ తోలులా కనిపించే గోధుమరంగు రెక్సినే కావాలి.

"అందరికీ గదే రంగు. రేపు ఆఫీసు పార్కింగుల మీ కారేదో మీకు ఎర్కవడ్తదా?" అని శివరాములు విసుక్కునేవాడు. వాళ్లు నవ్వేసి ఆ గోధుమరంగే కుట్టించుకునేవాళ్లు.

ఆయన సొంతూరు చౌటుప్పల్ దగ్గరి కొయ్యలగూడెం. నేత కుటుంబం. నూలుకు ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గమెక్కించే నేత వాళ్లది. ముడి కింద రంగు కాస్త పాకుతుంది కాబట్టి ఆ బట్టలో గీతల అంచులు మసగ్గా ఉంటాయి. దుప్పటి ఏ పక్క తిప్పినా ఒకేలా కనిపిస్తుంది, ఏది పై పక్కో ఏది కింది పక్కో నేసినవాడైనా చెప్పలేడు. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, కొంపలంటుకున్నది ఇక్కడే.

శివరాములు భార్య కమలవ్వ. షాపులో రెండో మిషను ఆమెది. అంచులన్నీ ఆమే కుడుతుంది. కొత్త బట్ట మూలకు పసుపు పెట్టకుండా ఒంటి మీద వేసుకోరు కదా, కారు మాత్రం ఏం పాపం చేసిందని ఆమె వాదన. అందుకని ఏ సీటైనా షాపు దాటే ముందు, తడిపిన పసుపు వేలితో తీసి, కింది పక్క మూలన ఎవరికీ కనపడనిచోట ఒక చుక్క పెడుతుంది. ఆటో అయినా అంతే, అంబులెన్సు అయినా అంతే.

2006 ఎండాకాలంలో తారక్ అనే కుర్రాడు ఆ షాపు వెతుక్కుంటూ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు కార్డు, కాకినాడ మాట. పంజాగుట్టలో హనుమత్ప్రసాద్ అనే ఆయనకు పెద్ద బిల్డింగు ఉంది, అందులో సగం సాఫ్ట్‌వేర్ ఆఫీసులు. తారక్ ఆయన దగ్గర పని చేస్తాడు. ఆ పనేమిటంటే ఆయన కార్ల బాగోగులు చూడటం.

"శివరాములు గారంటే మీరేనా అండి? చాలా ఏళ్ల కిందట మీరు మా సార్ తెల్ల ఫియట్‌కి సీట్లు కుట్టారట. నీలం గుడ్డ మీద తెల్ల గీతలు. గుర్తుందా?"

శివరాములుకు కారు గుర్తు రాలేదు, మనిషీ గుర్తు రాలేదు. నీలం గుడ్డ మాత్రం వెంటనే కళ్లకు కట్టింది. షాపు పెట్టిన కొత్తలో మంచి రెక్సిన్ కొనే తాహతు లేక, మేనబావ రాజనర్సయ్య నేసిన దుప్పట్లు తెచ్చి సీట్లు కుట్టిన రోజులవి.

"ఎందుకు గుర్తు లేదు? గా దుప్పటి మా బావ నేసిండు. ఏమైంది, చినిగిందా?" అన్నాడు. ఇన్నేళ్లకు ఫిర్యాదు వచ్చిందనుకున్నాడు పాపం.

తారక్ నవ్వాడు. "అలాంటిదే మళ్లీ కావాలండి. సార్ కొత్త కారు చేయిస్తున్నారు."

"చేపిస్తుండా? కొంటలేడా?"

"కొలతలిచ్చి చొక్కా కుట్టించుకుంటాం చూడండి, అలాగన్నమాట. ఇంగ్లండులో ఒక కంపెనీ ఉంది. ఎవరి కారు వాళ్లదే, రెండోది చెయ్యరు. సీట్లు మాత్రం ఆ పాత ఫియట్ సీట్లలాగే ఉండాలని సార్ పట్టుబట్టారు. ఆ ఫియట్ ఎప్పుడో పోయింది. మీరు ఒక సీటు కుట్టిస్తే దాన్ని చూసి వాళ్లు నాలుగూ చేస్తారు."

"మరి కారేది?"

"ఇంకా తయారవలేదండి."

"సీటున్నది, కారు లేదు."

"అంతేనండి."

శివరాములు మిషను ఆపేశాడు. ఇన్నేళ్లలో ఆయన దగ్గరికి సీటు లేని కార్లు వచ్చాయి, కారు లేని సీటు రాలేదు. తారక్‌కు స్టూలు వేసి, ఎదురు టీ బండి సాయిలుకు టీలు చెప్పి, ఇక ప్రశ్నలు మొదలుపెట్టాడు. తలుపులకు చెక్క ఎక్కడిది? నాలుగు తలుపులకూ ఒకే చెట్టు కొయ్యట, కుడి తలుపు మీది గీతలు ఎడమ తలుపు మీద అద్దంలో చూసినట్టు కలవాలట. రంగు ఎవరు కలుపుతారు? మనం ఏది పంపితే అదే రంగు కలుపుతారట. ఎవరో ఒకాయన తన కుక్క వెంట్రుకలు పంపితే కారు ఆ రంగులోనే వచ్చిందట.

"మీ సార్ ఏం పంపిండు?"

"గోదావరి వరదనీళ్లండి, సీసాలో. ప్రయాణంలో తేరుకుంటాయని ఆ మట్టి కూడా విడిగా పంపాం."

సాయిలు టీ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. బండి దగ్గర పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా ఆయనకు పట్టలేదు.

"గిసొంటి కార్లు ఎన్నున్నయి మీ సార్‌కు?"

"సెల్లార్ నిండా ఉన్నాయండి."

"మరి రోజూ ఏ కార్ల పోతడు?"

"ఇన్నోవాలోనండి" అన్నాడు తారక్, ఇందులో వింతేముందన్నట్టు.

పనికి ఒప్పుకునే ముందు శివరాములు ఒక షరతు పెట్టాడు. "కారు వచ్చినంక నన్ను ఒక్కపారి కూసోనియ్యాలె. కూసోకుంట నేను ఏ సీటూ ఇడిసిపెట్టలే."

"అయ్యో, అంతేనా? తప్పకుండా అండి" అన్నాడు తారక్. అలాంటి మాటలు తారక్ రోజుకు పది మందికి ఇస్తాడు. శివరాములు మాత్రం దాన్ని పట్టుకుని కూర్చున్నాడు.

రాజనర్సయ్య వయసు మీద పడ్డదని గొణుగుతూనే బట్ట నేసి పంపాడు. శివరాములు దాన్ని నిలువు పట్టీలుగా కుట్టి, లోపల దూది కూరాడు. లోపలి కుట్టు కూడా చూస్తామని కంపెనీవాళ్లు అన్నారని, లోపలి పక్క కూడా బయటిపక్కంత నున్నగా ముగించాడు. కవరు విడిగా, మెత్త విడిగా పెట్టెలో సర్దాలి. బల్ల మీద వేసుకుని కూర్చుని చూశాడు గానీ తృప్తి కలగలేదు. సీటు సంగతి బండిలో తెలుస్తుంది, బల్ల మీద ఏం తెలుస్తుంది?

తారక్ వ్యాను వేసుకుని వచ్చిన పూట సందు సందంతా ఆగిపోయింది. వెనక ఆటోవాళ్లు ఒకటే హారన్లు. శివరాములు బయటికెళ్లి వాళ్లతో తగువు పెట్టుకున్నాడు. లోపల కమలవ్వ హడావిడిగా పసుపు తడిపి, కవరు అందుకుని, ఇదే కింది పక్క అనుకున్న మూలన చుక్క పెట్టబోయింది. సరిగ్గా అప్పుడే ఎవడో చెవి పక్కనే హారన్ కొట్టాడు. ఆమె ఉలిక్కిపడింది, వేలు జారింది, చుక్కకు చిన్న తోక వచ్చింది. కింది పక్కే కదా, ఎవరు చూడొచ్చారని ఆమె మడత పెట్టేసింది. అది పై పక్క అని ఆమెకు తెలియదు. కవరు పెట్టెలోకి, పెట్టె వ్యానులోకి, వ్యాను ఎయిర్‌పోర్టుకు పోయాయి.

ఆ తర్వాత శివరాములుకు కుదురు లేకుండా పోయింది. తారక్‌కు ఫోను చేసి, "కారు ఎంతదాంక వచ్చింది?" అని అడిగేవాడు. "ఇంకా రంగు దగ్గరే ఉందండి" అనేవాడు తారక్. కొన్ని నెలల తర్వాత చేస్తే చెక్క దగ్గర ఉండేది. పంజాగుట్టలో ఫ్లైఓవర్ పనులని రోడ్డు తవ్వేశారు, బండి ఆగిందంటే ఆగినట్టే. అలా ఆగినప్పుడు శివరాములు తన టీవీఎస్ మీదే వంగి పక్క కార్లలోకి తొంగి చూసేవాడు. విదేశీ కారయితే మరీను. ఒకసారి ఒకావిడ బిచ్చం అడుగుతున్నాడనుకుని అద్దం పైకెత్తేసింది. శివరాములుకు కోపం రాలేదు, ఆలోపే సీటు కుట్టు చూసేశాడు. ఆ కుట్టు ఆయనకు నచ్చలేదు కూడా.

"అన్నా, నీ కారొచ్చిందా?" అని సాయిలు రోజూ ఆటపట్టించేవాడు. కారు పేరే తెలియని మనిషి దాని కోసం అలా కాచుక్కూర్చోవడం కమలవ్వకు కూడా వింతగానే ఉండేది. "నీ ఇంటి ముంగట పెడ్తరా ఏంది?" అని దెప్పేది.  శివరాములుకు తన చేతి పని సముద్రాలు దాటి ఎలా మారిందో చూడాలి, అందులో ఒకసారి కూర్చోవాలి. అంతకు మించి ఆయన కోరిందేమీ లేదు, అది మాత్రం ఆయన్ను నిద్రపోనివ్వలేదు.

2008 వానాకాలంలో తారక్ మళ్లీ షాపు మెట్లెక్కాడు. ఈసారి ముఖం వేలాడేసుకుని ఉన్నాడు.

"కారు వచ్చిందండి. సార్ మిమ్మల్ని రమ్మంటున్నారు. ఒక చిక్కొచ్చింది."

"ఏం చిక్కు?"

"ప్రతి సీటు మూలా పట్టుదారంతో పసుపుపచ్చ చుక్క ఒకటి కుట్టి ఉంది. ఇదేంటని కంపెనీకి రాస్తే, మీరు పంపిన దాంట్లో ఉన్నదే కుట్టాం, ఒక్క దారం కూడా మార్చలేదు అన్నారు. అది పొరపాటని తేలితే సీట్లన్నీ ఊడదీయించి వెనక్కి పంపించేస్తారండి సార్."

రెండో మిషను చప్పుడు ఆగిపోయింది. శివరాములు వెనక్కి తిరిగి చూశాడు. కమలవ్వ చెయ్యి నోటి మీద ఉంది.

"నేను కింది పక్కనే పెట్టిన" అంది.

"రెండు దిక్కులా ఒక్కతీరు ఉండె గదనే!" అన్నాడు శివరాములు.  కొయ్యలగూడెం బట్టతో పుట్టి పెరిగిన ఇద్దరూ ఆ బట్ట దగ్గరే మోసపోయారు.

ముందు కమలవ్వే తేరుకుంది. "నేనే పెట్టిన అని చెప్పు. పసుపే గదా పెట్టిన, బురద పెట్టిన్నా? ఫికర్ చెయ్యకు, పో."

పంజాగుట్ట బిల్డింగు సెల్లార్‌లో ఏసీ వేసి ఉంది. మనుషులు చెమటలు కక్కుతూ తిరిగే ఊళ్లో కార్లు చల్లగా ముసుగుతన్ని పడుకున్నాయి. హనుమత్ప్రసాద్ మామూలు చెప్పులతో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. బోరు మోటార్లు అమ్ముకుంటూ ఊరూరా తిరిగి పైకి వచ్చిన మనిషి. తారక్ ముసుగు లాగాడు.

గోదావరి వరదరంగు కారు. శివరాములు దాని చుట్టూ తిరిగాడు. తలుపు చెక్క మీది గీతలు ఇటువి అటు కలిశాయా లేదా అని వంగి వంగి చూశాడు, కలిశాయి. తర్వాత సీట్లు చూశాడు. నీలం, తెలుపు. గీతల అంచుల్లో ఆ మసక కూడా వచ్చింది. పట్టీలు తన కొలతే. మూలన కందిబద్దంత పసుపుపచ్చ చుక్క, దానికి ఒక పక్కగా చిన్న తోక. నాలుగు సీట్లకూ అంతే. ఆ హారన్ మోత, ఆ ఉలికిపాటు, కమలవ్వ వేలు జారడం, అన్నీ పట్టుదారంతో నాలుగుసార్లు ఒద్దికగా కుట్టి ఉన్నాయి. శివరాములుకు నవ్వొచ్చింది, భయమూ వేసింది.

"చూసినవాళ్లంతా అడుగుతున్నారయ్యా" అన్నాడు హనుమత్ప్రసాద్. "ఢిల్లీ నుంచి వచ్చినాయన కంపెనీ ముద్రన్నాడు. మా అల్లుడు తోకచుక్క అన్నాడు. నేనూ అవునవునన్నాను. ఇంతకీ ఏంటిది?"

'మా నేతవాళ్ల గుర్తు సార్' అనేస్తే సరిపోతుందని శివరాములుకు తోచింది. ఎవరికీ తెలియదు, సీట్లు నిలుస్తాయి, తనకూ కూర్చునే వీలు దొరుకుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అలా అంటే ఆ చుక్క కమలవ్వది కాకుండా పోతుంది. అది ఆయనకు నచ్చలేదు.

"పసుపు సార్" అన్నాడు. "కొత్త బట్టకు పెడ్తరు గదా. మా ఇంటామె పెట్టింది. కింది దిక్కు పెట్టబోయి మీది దిక్కు పెట్టింది. హారన్ కొడితే ఏలు జారింది. తప్పయింది సార్."

హనుమత్ప్రసాద్ కారు పక్కన గొంతుకూర్చుని ఆ చుక్కను వేలితో తడిమి చూశాడు. చాలాసేపు లేవలేదు. 

"మా ఇంట్లోనూ పెడతారయ్యా" అన్నాడు చివరికి. "ఇన్నిసార్లు చూశాను. ఇంతమందికి చూపించాను. పసుపని నాకే తట్టలేదు చూడు."

ఆ గొంతులో కోపం లేదని తెలిశాక శివరాములుకు ధైర్యం వచ్చింది. "మరి పెట్టినంక తొడుక్కున్నరా సార్?"

"అంటే?"

"కూసున్నరా అంటున్న."

హనుమత్ప్రసాద్ తారక్ వంక చూశాడు. తారక్ పైకప్పు వంక చూశాడు. ఆ కారును లారీ మీంచి దించి తోసుకుంటూ లోపలికి తెచ్చారు, అంతే. ఇప్పటిదాకా అందులో ఎవరూ కూర్చోలేదు.

"వీటిల్లో కూర్చోరయ్యా. చూసుకుంటారు."

"నేను రెండేండ్ల సంది ఎదురు సూస్తున్న సార్" అన్నాడు శివరాములు.  "కూసోనిస్త అని గీ తారక్ సార్ మాటిచ్చిండు. కూసోకుంట పోతే నాకు గా సీటు ఇంక కుట్టుడు కానట్టే ఉంటది."

హనుమత్ప్రసాద్ తలుపు తెరిచి పట్టుకున్నాడు. "సరే, ఎక్కు."

శివరాములు కదల్లేదు. "ముందు మీరు. పసుపు పెట్టింది మీకు."

హనుమత్ప్రసాద్‌కు నవ్వొచ్చింది. చెప్పులు విడిచి, పంచెలో ఉన్నవాడిలా ఒబ్బిడిగా ఎక్కి, స్టీరింగు ముందు కూర్చున్నాడు. వెనక్కి ఆనాడు. ముందుకు జరిగాడు. మళ్లీ ఆనాడు. నవ్వు పోయింది.

"ఏదో తేడాగా ఉందయ్యా. ఆ ఫియట్‌లో ఖమ్మం దాకా పోయి, లాడ్జికి డబ్బుల్లేక రోడ్డు వార ఆపుకుని ఆ సీట్లోనే పడుకునేవాణ్ణి. ఎంత బాగా నిద్రపట్టేదో. ఇది ఆ సీటు కాదు."

తారక్ కంగారుగా కొలతల సంగతి ఏదో చెప్పబోయాడు. శివరాములు వినలేదు. అటు తిరిగి వచ్చి, తానూ చెప్పులు విడిచి, పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. రెండేళ్లుగా కలలోకి వస్తున్న సీటు ఒంటికి తగిలింది. కుడికి ఒరిగాడు, ఎడమకు ఒరిగాడు. దూది సరిపోయింది, కుట్టు సరిపోయింది, వాలు సరిపోయింది. తప్పెక్కడుందో దొరకలేదు. చేతిలో కత్తెర ఉండి ఉన్నా విప్పాల్సిన కుట్టు ఒక్కటీ లేదు. కళ్లు తెరిచి హనుమత్ప్రసాద్ వైపు చూస్తే, ఆయన ఇంకా ఆ గట్టి మెత్తలో కుదురుకోలేక కదులుతున్నాడు. అప్పుడు తెలిసింది.

"సార్, నేను కుట్టిచ్చిన నాడు గా ఫియట్ సీటు సుత గిట్లనే గట్టిగ ఉండె. మీకు యాదికున్నది గది గాదు. మీరు పండుకోంగ పండుకోంగ గుంట వడ్డది గదా, గా సీటు యాదికున్నది."

"ఆ గుంట కుట్టలేవా మరి?"

"నాతోని గాదు సార్. గా ఇంగ్లండోళ్లతోని సుత గాదు. మీరే కూసోవాలె."

 హనుమత్ప్రసాద్ చుట్టూ ముసుగుల కింద ఉన్న కార్లను ఒక్కొక్కటిగా చూశాడు. ఒక్కదానిలోనూ ఆయన కూర్చున్నది లేదు. ఆ మనిషిని చూస్తే శివరాములుకు జాలేసింది. అంత పెద్దాయన మీద జాలిపడటం ఏమిటని తనకే సిగ్గేసింది గానీ, వేసింది మాత్రం జాలే.

"తారక్, తాళాలేవి?"

"పైన లాకర్‌లో ఉన్నాయి సార్."

"తీసుకురా" అన్నాడు హనుమత్ప్రసాద్. సీట్లోంచి దిగలేదు.

శివరాములు షాపుకు వచ్చేసరికి కమలవ్వ మిషను ముందు పెట్టుకుని, కుట్టకుండా కూర్చుని ఉంది.

"కూసోనిచ్చిండా?"

"కూసున్న."

"ఎట్లున్నది?"

"ఏం తప్పు లేదు. కొత్తగున్నది, గంతే."

"మరి నా చుక్క? పీకేస్తరా?"

"పీకరు. నాలుగు సీట్ల మీదా పట్టుదారంతోని కుట్టిండ్రు. నీ ఏలు జారిన తోక సుత."

"జారింది సుతనా!" కమలవ్వ తన వేలి వంక చూసుకుని, కొంగుతో తుడుచుకుంది. "అయ్యో, గట్ల కుడ్తరని తెలిస్తే జర నిమ్మళంగ పెడ్తుంటి గదా."

బయట ఒక సాఫ్ట్‌వేర్ పిల్లవాడు తన శాంట్రో కారు పక్కన నిలబడి, గోధుమరంగు సీట్ల కోసం తొందరపెడుతూ హారన్ కొట్టాడు. కమలవ్వ కొట్టనిచ్చింది. పసుపు తడిపి, కవరు రెండు పక్కలా తిప్పి చూసుకుని, తీరిగ్గా, గుండ్రంగా చుక్క పెట్టింది.